రాత్రి పళ్లెం వెనుక పగటి ఆకలి

అతిగా తినడం గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ నేరుగా మనోనిబ్బరం మీదికి పోతుంది. ‘నోరు కట్టుకోవాలి’ అన్న సలహా వినని ఇల్లు నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఉండదు. ఆ సలహా విన్న మనిషి మరుసటి రోజు కడుపు మాడ్చుకోవడం, సాయంత్రానికి తట్టుకోలేక ముందటి రోజు కంటే ఎక్కువ తినడం, తిన్నాక తనను తానే తిట్టుకోవడం కూడా అంతే మామూలుగా జరిగిపోతుంది. పొద్దున ఏమైనా తిన్నారా, మధ్యాహ్నం ఎన్ని గంటలకు తిన్నారు, అన్నం గిన్నె చేతికి ఎంత దగ్గరలో ఉంది, వడ్డించింది ఎవరు, ముందు రాత్రి నిద్ర సరిపోయిందా అన్న చిన్న చిన్న సంగతులను మాత్రం ఎవరూ అడగరు. రాత్రి ఎంత తింటారో చాలావరకు తేల్చేవి ఆ సంగతులే. తిండిని అదుపులో ఉంచుకోవడానికి పనికొచ్చే పద్ధతులు కూడా వాటిలోనే దొరుకుతాయి. దక్షిణ తెలంగాణ ఇళ్లలో తిండి వేళలు, వడ్డన తీరు, దావత్‌లు, ఉపవాసాలు ఎలా ఉంటాయో చూడకుండా చెప్పే సలహాలు అందుకే నాలుగు రోజులకు మించి నిలవవు.

ముందుగా రెండు వేర్వేరు విషయాలను విడదీసి చూడాలి. దసరా నాడు తునకల కూరతో నాలుగు బుక్కలు ఎక్కువ తినడం, పెళ్లి దావత్‌లో కడుపు బిగిసేదాకా తినడం అతి తిండే గానీ జబ్బు కాదు. బింజ్ ఈటింగ్ అనే దానిలో పరిమాణంతో పాటు అదుపు తప్పడం ఉంటుంది. తినడం మొదలయ్యాక ఆపలేకపోవడం, ఏం తింటున్నామో ఎంత తింటున్నామో చేతిలో లేకపోవడం దాని గుర్తు. అమెరికన్ వైద్యుడు ఆల్బర్ట్ స్టంకర్డ్ 1959లోనే ఇటువంటి తిండి తీరును వర్ణించినా, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని విడి జబ్బుగా గుర్తించింది 2013లో, డీఎస్ఎమ్-5 అనే నిర్ధారణ గ్రంథంలో. మూడు నెలల పాటు వారానికి కనీసం ఒకసారి ఇలా జరగడం, దానితో మనసు తీవ్రంగా బాధపడడం ఆ నిర్ధారణకు అవసరం. దీనికి తోడు మామూలు కంటే వేగంగా తినడం, ఇబ్బంది కలిగేంతగా నిండేదాకా తినడం, ఆకలి లేకున్నా తినడం, ఎవరైనా చూస్తారన్న సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే రోత పుట్టడం అనే ఐదింటిలో కనీసం మూడు ఉండాలి. తిన్నదాన్ని పదే పదే కక్కేయడం, విరేచనాల గోలీలు మింగడం వంటివి తోడైతే దాన్ని బులీమియా అంటారు.

శరీరం బరువును బట్టి ఈ జబ్బును పోల్చుకోవడం కుదరదు. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సుమారు 30 శాతం మంది, పురుషులలో సుమారు 32 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నట్టు తేలింది. వారిలో చాలామందికి బింజ్ ఈటింగ్ లేదు. రోజూ ప్రతి పూటా కొద్దిగా ఎక్కువ తింటూ, తక్కువ కదులుతూ ఏళ్ల మీద బరువు పెరిగినవారు వారిలో ఎందరో ఉంటారు. మరోవైపు సన్నగా కనిపించే డిగ్రీ విద్యార్థిని హాస్టల్ గదిలో అర్ధరాత్రి రెండు పెద్ద ప్యాకెట్ల మిక్చర్, మూడు ప్యాకెట్ల బిస్కెట్లు ఒక్కతే తిని, రెండు రోజులు మెస్ మానేస్తూ ఉండవచ్చు. ‘నీకేం, సన్నగానే ఉన్నవు’ అన్న మాట ఆమె విషయంలో జబ్బును కప్పిపుచ్చుతుంది.

ఆకలికీ తృప్తికీ శరీరంలో విడి విడి ఏర్పాట్లున్నాయి. కడుపు ఖాళీ అయినకొద్దీ జీర్ణాశయం నుంచి గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదలై మెదడుకు ఆకలిని తెలుపుతుంది. దీన్ని 1999లో కనుగొన్నారు. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్, 1994లో కనుగొన్నది, శరీరంలో నిల్వలు ఎంత ఉన్నాయో మెదడుకు చెబుతూ ఉంటుంది. తిండి పేగుల్లోకి దిగాక అక్కడి నుంచి మరికొన్ని హార్మోన్లు ‘ఇక చాలు’ అన్న సంకేతాన్ని పంపుతాయి. ఆ సంకేతం పూర్తిగా అందడానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మారు అన్నం కలుపుకొని ఏడెనిమిది నిమిషాల్లో లేచే మనిషి కడుపు నిండిందన్న సంగతి తెలిసేలోపే రెండవసారి వడ్డించుకొని ఉంటాడు. ఇక్కడ లోపం నిబ్బరానిది కాదు, గడియారానిది.

ఆ గడియారం ఎక్కడ తప్పుతుందో తెలియడానికి నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్‌కు రోజూ అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగి దినచర్యను చూస్తే చాలు. రెండు ఊళ్ల నుంచీ దూరం దాదాపు 100 కిలోమీటర్లే. ఆరున్నర బస్సు అందుకోవాలంటే పొద్దున తినే వీలుండదు, ఒక చాయ్ తాగి బయలుదేరుతారు. పదకొండుకు ఆఫీసులో ఇంకో చాయ్, రెండు బిస్కెట్లు. టిఫిన్ డబ్బా తెరిచేది రెండు దాటాక. అందులో చల్లారిన అన్నం, కొద్దిగా కూర. సాయంత్రం ఆకలి మొదలైనా బస్సు దిగేదాకా ఓర్చుకుంటారు. తొమ్మిదికి ఇల్లు చేరి, చెప్పులు విడిచిన వెంటనే డబ్బాలోని మురుకులు నిలబడే తింటారు; అవి తింటూ ఉండగానే అన్నం వడ్డన అవుతుంది. పడుకునేలోపు రోజు తిండిలో సగానికి పైగా లోపలికి పోతుంది. మరునాడు పొద్దున కడుపు బరువుగా ఉంటుంది, ఆకలి ఉండదు, మళ్లీ చాయ్‌తోనే బయలుదేరుతారు. ఈ మనిషికి ‘రాత్రి తక్కువ తినండి’ అని చెప్పడంలో అర్థం లేదు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పోగుపడిన ఆకలికి రాత్రి తిండి బదులు చెబుతోంది.

కడుపు మాడ్చడం తిండిని ఎంతగా అదుపు తప్పిస్తుందో చూపిన ప్రసిద్ధ ప్రయోగం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆన్సెల్ కీస్ ఆధ్వర్యంలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు సగం తిండి మీద ఉన్నారు. వారి బరువు దాదాపు పావు వంతు తగ్గింది. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించడం, వంటల పుస్తకాలు చదవడం, పళ్లేలు నాకడం మొదలైంది. ఎంతైనా తినవచ్చన్న దశ వచ్చాక కొందరు భారీగా తిని కూడా ఇంకా ఆకలిగానే ఉందని చెప్పారు. వారెవరికీ అంతకుముందు తిండి విషయంలో జబ్బు లేదు. ఆకలితో ఉంచిన శరీరం తిండి దొరకగానే అదుపు వదిలేస్తుందన్న సంగతి ఆ తర్వాత కఠినమైన డైటింగ్ చేసేవారిలోనూ వైద్యులు చూస్తూ వచ్చారు. తిండికి నికరం లేని ఇళ్లలో బింజ్ ఈటింగ్ ఎక్కువగా కనిపిస్తుందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. కరువు ఏళ్లలో ఊళ్లకు ఊళ్లు ముంబై, పుణె పనులకు వలసపోయిన పాలమూరులో ఈ మాటకు బరువుంది. తిండి దొరికిన రోజే కడుపు నింపుకోవాలన్న అలవాటు ఒక తరం తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు.

ఈ వెలుగులో చూస్తే మన దగ్గర గొప్పగా చెప్పుకునే ఒక సామెతను కాస్త అనుమానించాలి. ఒక పూట తిన్నవాడు యోగి, రెండు పూటలు తిన్నవాడు భోగి, మూడు పూటలు తిన్నవాడు రోగి అంటారు. రాత్రిళ్లు అదుపు తప్పి తినే అలవాటున్న మనిషికి ఈ సామెత మందు కాదు, జబ్బుకు ఊతం. సోమవారమో శనివారమో ఒక్కపొద్దు ఉండేవారిలో చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఒక్కపొద్దు విడిచేటప్పుడు రోజూ తినేంతే తిని లేచేవారికి దాన్ని మానమని చెప్పాల్సిన పని లేదు. కానీ ముందు రోజు ఎక్కువ తిన్నందుకు శిక్షగా ఒక్కపొద్దు పట్టేవారు, సాయంత్రం దీపం పెట్టగానే ఉప్పుడుపిండి, పండ్లు, పాయసం, ఆపై అన్నం ఒకదాని వెంట ఒకటి తినేవారు ఆ రోజును పరిశీలించుకోవాలి. రంజాన్ రోజాల విషయం కూడా అంతే. ఖర్జూరం, నీళ్లు, కొద్దిగా పండ్లతో రోజా విడిచి నమాజ్ తర్వాత భోజనానికి కూర్చునే సంప్రదాయంలోనే కడుపుకు కావలసిన విరామం ఉంది. దాన్ని పక్కన పెట్టి మిర్చీలు, సమోసాలు, హలీమ్ అన్నీ ఆ పది నిమిషాల్లోనే తింటే ఆ విరామం పోతుంది. షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టర్‌ను అడగకుండా పూట మానడం ప్రమాదం. రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు పుట్టే ఆకలి చేతికందినదల్లా తినిపిస్తుంది. దాన్ని నోటి చాపల్యం అనుకోవడం పొరపాటు.

బింజ్ ఈటింగ్‌కు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తీర్చిదిద్దిన ప్రవర్తన చికిత్సలో మొదటి మెట్టు ఏ తిండినీ మానేయడం కాదు, వేళకు తినడం. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిన్న తిండి, రెండింటి మధ్య నాలుగు గంటలకు మించని ఎడం అన్నది దాని పద్ధతి. ఆకలి వేసినా వేయకున్నా వేళకు తినడం, ఆ వేళల మధ్య తినకపోవడం అన్న ఈ మామూలు నియమం మొదట్లో విడ్డూరంగా తోస్తుంది. ఎక్కువ తింటున్నానని బాధపడే మనిషిని ఐదుసార్లు తినమనడం ఏమిటన్న సందేహం సహజమే. అయితే పగటి ఎడం తగ్గినకొద్దీ రాత్రి తిండి దానంతట అదే చిన్నదవుతుంది.

అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగికి ఇది పెద్ద ఏర్పాటేమీ కాదు. పొద్దున బస్సులో తినడానికి ఒక జొన్న రొట్టెలో కాస్త పల్లి పచ్చడి పెట్టి చుట్టుకోవచ్చు. రాత్రే ఉడికించి పెట్టుకున్న గుడ్డు కూడా పనికొస్తుంది. అసలు కీలకం సాయంత్రం ఐదు గంటల తిండి. ఒక చిన్న గిన్నెడు శనగ గుడాలో బొబ్బెర గుడాలో, లేకుంటే గుప్పెడు ఉడికిన పల్లీలో ఆ వేళకు పడితే తొమ్మిదికి ఇంటికి చేరిన మనిషి మురుకుల డబ్బా వైపు ఉరకడు. పాలమూరు, వనపర్తి, గద్వాల వైపు పల్లీ ఇంటి పంటే గనుక ఖర్చు కూడా తక్కువ. పరిమాణం మాత్రం చూసుకోవాలి: 30 గ్రాముల వేయించిన పల్లీల్లో సుమారు 170 కేలరీలుంటాయి, చేట ముందు పెట్టుకొని ఒలుచుకుంటూ పోతే ఆ లెక్క నాలుగింతలు కావడానికి ఎంతో సేపు పట్టదు. ఉడికించిన పల్లీని పొట్టుతోనే ముందు పెట్టుకోవడం మేలు; ఒలవడానికి పట్టే సమయం తినే వేగాన్ని తగ్గిస్తుంది.

చౌటుప్పల్, జడ్చర్ల చుట్టుపక్కల మందుల కంపెనీల్లో, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవారికి నిద్ర కూడా తిండి సమస్యే. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూసినప్పుడు లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక ప్రత్యేకంగా పెరిగింది. చిన్న ప్రయోగమే అయినా నైట్ డ్యూటీ దిగి ఇంటికి వస్తూ బండి దగ్గర రెండు ప్లేట్ల పూరీ తినేవారికి అది కొత్త సంగతి కాదు. షిఫ్టు మారినప్పుడల్లా ‘పొద్దున’, ‘రాత్రి’ అన్న పేర్లను పక్కనపెట్టి, నిద్ర లేచిన గంట నుంచి లెక్కపెట్టుకొని నాలుగు గంటల ఎడంతో తినడం ఇలాంటివారికి సరిపడే మార్గం.

ఇక పళ్లెంలోకి వద్దాం. ఒకప్పుడు ఈ ప్రాంతంలో జొన్న గటక, జొన్న రొట్టె, అంబలి రోజువారీ తిండి. వరి అన్నం పండుగలకో చుట్టాలు వచ్చినప్పుడో వండేవారు. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతం వరి మాగాణిగా మారింది; రేషన్ బియ్యం మిగతా మెట్ట ప్రాంతాన్నీ అన్నానికి అలవాటు చేసింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లోనే మొదలైన సన్న బియ్యం పంపిణీతో రేషన్ కార్డున్న ఇంట్లో మనిషికి నెలకు ఆరు కిలోల చొప్పున ఉచితంగా అందుతోంది. పళ్లెంలో అన్నిటికంటే చవకైనది అన్నమే, ఖరీదైనది కూరే. అందుకే ‘అన్నం తగ్గించి కూర పెంచండి’ అన్న సలహా కూలి ఇంటికి పోయేసరికి ఖర్చు పెంచమన్న సలహా అవుతుంది. అందుబాటులో ఉన్నవాటితోనే ఆ పని చేయడం మేలు. పుంటికూర పప్పు, తోటకూర, ఆనిగెపుకాయ కూర, పలుచని సల్ల పరిమాణాన్ని పెంచుతాయి, ఖర్చును అంతగా పెంచవు. వీటిలో నీళ్లు, పీచు ఎక్కువ గనుక తక్కువ కేలరీలతోనే కడుపు నిండుతుంది.

జొన్న రొట్టె తింటే లావు కారన్న నమ్మకాన్ని మాత్రం కొంచెం సరిదిద్దాలి. బరువుకు బరువు చూస్తే జొన్నల్లోనూ బియ్యంలోనూ కేలరీలు దాదాపు సమానమే. తేడా పీచులో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములకు కాస్త తక్కువే. రెండో తేడా వేగంలో ఉంది. రొట్టెను తుంచాలి, కూరలో అద్దాలి, నమలాలి. రెండు రొట్టెలు పూర్తయ్యేసరికి పావుగంట గడుస్తుంది. పచ్చి పులుసు కలిపిన అన్నం నమలకుండానే దిగిపోతుంది. వారానికి నాలుగు రాత్రులు రొట్టెకు మారినవారు తిండి తగ్గిందని చెబుతారంటే దాని వెనుక పెద్ద రహస్యం లేదు, తినే సమయం పెరిగింది అంతే. రొట్టెలు తిన్నాక ‘రెండు మెతుకులు పడితేనే తిన్నట్టుంటది’ అని మళ్లీ పళ్లెం నిండా అన్నం పెట్టుకుంటే ఆ లాభమంతా పోతుంది.

అన్నమే తినాలనుకున్నా వడ్డన మారితే చాలా మారుతుంది. అన్నం గిన్నెను పక్కనే పెట్టుకొని కూర్చునే అలవాటున్న ఇంట్లో రెండవసారి పెట్టుకోవడం ఆలోచనతో జరిగే పని కాదు, చేయి దానంతట అదే గంటె మీదికి పోతుంది. గిన్నె వంటగదిలోనే ఉండి, కూర, సల్ల మాత్రం దగ్గర ఉంటే లేచి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న పుడుతుంది; ఆ క్షణమే కావలసినది. పళ్లెంలో ముందు కూర, పప్పు వేసుకొని ఆ తర్వాత మిగిలిన చోటులో అన్నం పెట్టుకోవడం మరో పద్ధతి. మన దగ్గర వరుస దీనికి తలకిందులు: అన్నం కుప్ప పోసి, నడుమ గుంట చేసి, అందులో పులుసు పోస్తారు. కుప్ప పెద్దదైనకొద్దీ పులుసు చాలదు, పులుసు మిగిలితే అన్నం చాలదు, ఒకదాన్ని ముగించడానికి ఇంకొకటి పెట్టుకుంటూ పోవడం ఎవరికీ తెలియని సంగతి కాదు.

ఇంట్లో ఆఖరున తినే స్త్రీల సంగతి వేరుగా చెప్పుకోవాలి. పొద్దున అందరికీ టిఫిన్లు సర్ది, పదకొండుకు చాయ్‌తో సరిపెట్టుకొని, మధ్యాహ్నం అందరూ తిన్నాక మూడు గంటలకు కూర్చునే ఇల్లాలి ముందు ఉండేవి మిగిలిన అన్నం, అడుగంటిన కూర. అన్నం పారేయడం తప్పన్న పెంపకం గనుక గిన్నెలో ఎంత మిగిలితే అంతా ఆమె పళ్లెంలోకే వస్తుంది. పిల్లవాడు వదిలేసిన దోశ ముక్క, చుట్టాలు తినని బజ్జీ, రాత్రి మిగిలిన సద్దన్నం లెక్కలోకి రాని తిండిగా రోజంతా లోపలికి పోతూ ఉంటాయి. ఇదంతా నిలబడి, పొయ్యి దగ్గర, పని మధ్యలో జరుగుతుంది గనుక సాయంత్రం అడిగితే ‘ఏం తిన్న, ఏమీ తినలె’ అనే ఆమె చెబుతుంది, అందులో అబద్ధమూ లేదు. ఇటువంటి చోట ఆమెకు సంయమనం బోధించడం అన్యాయం. ఆమె కూడా అందరితో పాటు కూర్చొని తినడం, ఆమె కూరను ముందే విడిగా తీసి పెట్టడం, ఒక సోలెడు తక్కువ బియ్యం పోయడం ఇల్లంతా కలిసి చేయాల్సిన మార్పులు. మిగిలిన అన్నాన్ని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు పులిహోరగానో పోపన్నంగానో వాడుకోవచ్చు. పారేయడానికీ తానే తినేయడానికీ మధ్య ఆ దారి ఉంది.

దావత్ విషయంలో ఎక్కువ భయం అక్కరలేదు. ఏడాదికి కొన్ని రోజులు వచ్చే దసరా, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతర మనిషి ఆరోగ్యాన్ని చెడగొట్టవు. పెళ్లిళ్ల కాలంలో వారానికి మూడు దావత్‌లు పడేవారికి మాత్రం ఒక సంగతి తెలిసి ఉండాలి. ఒకే వంటకం తింటూ ఉంటే దాని మీద ఇష్టం కాసేపటికి తగ్గుతుంది. కొత్త రుచి ముందుకు రాగానే ఆకలి మళ్లీ లేచినట్టవుతుంది. దీన్ని పరిశోధకులు 1980ల తొలినాళ్లలోనే వివరించారు. బగారన్నం, తలకాయ కూర, బోటి, చికెన్ వేపుడు, రెండు స్వీట్లు, ఐస్‌క్రీం వరుసగా ఉన్న బఫేలో కడుపు నిండినా చేయి ఆగకపోవడానికి కారణం ఇదే. ముందు అన్నీ ఒకసారి చూసి వచ్చి, నిజంగా ఇష్టమైన రెండు మూడింటినే పెట్టుకోవడం పనిచేస్తుంది. దావత్ ఉందని పొద్దున నుంచీ కడుపు ఖాళీగా ఉంచుకోవడం పూర్తిగా ఎదురు తిరుగుతుంది. పెళ్లి భోజనం మూడు గంటలకు గానీ మొదలు కాదన్న సంగతి తెలిసిందే.

కొసరి కొసరి వడ్డించేవారికి ‘వద్దు’ అన్న ఒక్క మాట సరిపోదు; అది మర్యాదను కాదన్నట్టు వినబడుతుంది. ‘కూర మంచిగున్నది వదినా, మల్ల అడిగి పెట్టించుకుంట’ అన్న మాటతో వడ్డించేవారి మనసూ నిలుస్తుంది, పళ్లెమూ తేలికగా ఉంటుంది. పళ్లెంలో కాస్త ఉండగానే మాట్లాడుతూ నెమ్మదిగా తినేవారికి వడ్డన తక్కువ పడుతుందన్నది బంతి భోజనాలు తిన్నవారందరికీ తెలుసు; ఖాళీ పళ్లెమే వడ్డించేవారిని పిలుస్తుంది. కల్లు, మందు ఉన్న చోట లెక్క మారుతుంది. ఆల్కహాల్ ఆకలిని పెంచుతుంది, ఆగే శక్తిని తగ్గిస్తుంది, తన కేలరీలను తాను జోడిస్తుంది. పక్కన పెట్టిన వేయించిన పల్లీ, చికెన్ ముక్కలు భోజనం కంటే ఎక్కువైపోతాయి. బింజ్ ఈటింగ్ ఉన్నవారు తాగిన రాత్రులను విడిగా గుర్తుపెట్టుకుంటే ఈ సంబంధం వారికే కనబడుతుంది.

సంక్రాంతికి చేసిన సకినాలు, గరిజెలు, మురుకులు నెల దాకా డబ్బాల్లో ఉంటాయి. వాటిని మానేయాలన్న నియమం పెట్టుకోవడం వల్ల మంచి కంటే చెడే ఎక్కువ. ‘ఇది అస్సలు ముట్టను’ అన్న పట్టు ఒక్క సకినంతో తెగిపోగానే ‘ఎట్లాగూ పోయింది’ అన్న ఆలోచన మిగతా డబ్బాను ఖాళీ చేయిస్తుంది. డబ్బాను కంటికి కనిపించని అల్మారాలో పెట్టి, సాయంత్రం చాయ్ వేళకు రెండు సకినాలు చిన్న పళ్లెంలో తీసుకొని, డబ్బా మూసి, కూర్చొని తినడం మేలు. ఇంటి పిండివంటల కంటే అంగడి ప్యాకెట్ల మీద ఎక్కువ జాగ్రత్త కావాలి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా శుద్ధిచేసిన తిండి, రెండు వారాలు మామూలు వంట తిండి ఇచ్చి, ఎంతైనా తినవచ్చని చెప్పింది. ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానమే అయినా మొదటి దానిలో రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తినే వేగం కూడా పెరిగింది. ఐదు రూపాయల కుర్‌కురే ప్యాకెట్ ప్రతి ఊరి కిరాణా దుకాణానికీ చేరిన రోజుల్లో ఈ ఫలితాన్ని దూరపు దేశపు సంగతిగా కొట్టిపారేయలేం. ఇక ఫోన్ చూస్తూ, టీవీ చూస్తూ తింటే ఆ పూటే కాక, తిన్నది సరిగా గుర్తుండక తర్వాతి పూట కూడా ఎక్కువ తింటారని అనేక ప్రయోగాల్లో తేలింది. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సిన పని లేదు.

ఆకలితో సంబంధం లేని తిండి కూడా ఉంది. అప్పులవాడు ఫోన్ చేసిన సాయంత్రం, ఇంట్లో మాటా మాటా పెరిగిన రాత్రి, పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు తినే తిండికి వేళల పద్ధతి ఒక్కటే చాలదు. ఇక్కడ పనికొచ్చేది ఒక చిన్న నోట్‌బుక్. తిన్న వెంటనే వేళ, తిన్నది, ఎక్కడ తిన్నది, ఎవరున్నారు, అదుపు తప్పిందా, అంతకు ముందు ఏం జరిగింది అన్నవి రెండు వరుసల్లో రాయాలి. కేలరీలు రాయనక్కరలేదు. రెండు మూడు వారాల్లో ఒక తీరు కనిపిస్తుంది: ఫలానా రోజు, ఫలానా వేళ, ఒంటరిగా ఉన్నప్పుడు. ఆ వేళకు ముందే వేరే పని పెట్టుకోవచ్చు. కోరిక ఎంత బలంగా లేచినా చాలాసార్లు పావుగంట, ఇరవై నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు ఇంటి బయటికి వచ్చి నడవడం, చెల్లెకో స్నేహితునికో ఫోన్ చేయడం, స్నానం చేయడం వంటి తినడంతో కలిపి చేయలేని పనులు పెట్టుకోవాలి. అవి పనిచేయని రోజులూ ఉంటాయి. అటువంటి రోజు మరునాటి పొద్దున తిండిని మానకపోవడం అన్నిటికంటే ముఖ్యం. బరువు చూసుకోవడం వారానికి ఒక్కసారికి పరిమితం చేయాలి. రోజూ కాటా ఎక్కేవారికి ఒంట్లో నీటి హెచ్చుతగ్గులే తప్పుగా కనిపించి మళ్లీ కడుపు మాడ్చుకోవాలనిపిస్తుంది.

వారానికి ఒకసారైనా అదుపు తప్పడం నెలల తరబడి సాగుతుంటే, తిన్నదాన్ని కక్కేయడం గానీ విరేచనాల గోలీలు వాడడం గానీ ఉంటే, బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే ఇంటి పద్ధతులతో ఆగకూడదు. పదే పదే వాంతి చేసుకోవడం వల్ల రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ల వంటి మందులు, మానసిక వైద్యంలో వాడే ఓలాంజపిన్ వంటివి కూడా ఆకలిని బాగా పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా రాసిన డాక్టర్‌కే ఆ సంగతి చెప్పాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను కలవవచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబర్‌పై ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ నోట్‌బుక్‌ను, వాడుతున్న గోలీల చీటీని వెంట తీసుకుపోవాలి. ‘బరువు తగ్గాలి’ అని మాత్రమే చెబితే చేతికి డైట్ చార్ట్ వస్తుంది. తినడం మొదలుపెడితే ఆపలేకపోతున్నానని, ఎవరూ చూడకుండా తింటున్నానని నోరు విప్పి చెబితేనే ఆ కోణంలో ప్రశ్నలు మొదలవుతాయి. ప్రవర్తన చికిత్స వల్ల బింజ్ ఈటింగ్ తగ్గుతుంది గానీ బరువు పెద్దగా తగ్గకపోవచ్చు. ఈ మాట మొదటి రోజే తెలిసి ఉంటే, నెల తర్వాత కాటాలో అంకె మారలేదని చికిత్స మధ్యలో మానేసేవారు తగ్గుతారు.